మీ ఉత్తరంలో ఉన్నది మీ రెజ్యూమెలో లేదు

ప్రశ్న: నేను 2019లో తణుకులో బి.కామ్ పూర్తి చేసి, ఊళ్ళోనే ఒక ఏజెన్సీలో అకౌంట్స్‌లో చేరాను. సబ్బులు, బిస్కెట్లు, వంటనూనెలు తయారుచేసే మూడు కంపెనీల సరుకును చుట్టుపక్కల ఊళ్ళలో 380 దుకాణాలకు వేస్తాము. అమ్మకు డయాలసిస్ మొదలై, చూసుకునేవారు లేక 2021 ఆగస్టు నుంచి 2023 మార్చి వరకు పని మానేశాను. ఏప్రిల్‌లో మా యజమానే కబురు పంపితే మళ్ళీ చేరాను. ఇప్పుడు విజయవాడలో గానీ హైదరాబాదులో గానీ ఉద్యోగం కోసం చూస్తున్నాను. నెట్ సెంటర్‌లో చేయించిన మూడు పేజీల రెజ్యూమె ఆరు నెలల్లో నూటికి పైగా చోట్లకు పంపితే రెండే ఫోన్లు వచ్చాయి. చేసేది చిన్న ఊళ్ళో చిన్న పని, బిల్లులు కొట్టడం తప్ప గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. నెలనెలా 2బీ (సప్లయర్లు మా పేరున చూపిన బిల్లుల జీఎస్టీ జాబితా) వచ్చాక కొనుగోళ్ళతో సరిచూసేసరికి తల ప్రాణం తోకకు వస్తుంది. కంపెనీల నుంచి రావలసిన స్కీము డబ్బులు వెంటపడితే గానీ రావు. ఏడాది తిరిగి ఆరు లక్షల పాత బకాయి రాబట్టాను, అయినా నా జీతం 14 వేలు దాటలేదు. ఆ ఇరవై నెలల ఖాళీకి హైదరాబాదులో ఎవరో 15 వేలకు అనుభవ పత్రం ఇస్తారని మా పెద్దమ్మగారి అబ్బాయి అంటున్నాడు. నా ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే. నా రెజ్యూమె జతచేశాను, ఎలా మార్చాలో చెప్పండి. — ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరాన్నీ, జతచేసిన రెజ్యూమెనూ పక్కపక్కన పెట్టుకొని రెండు మూడు సార్లు చదివాను. నేను పద్దెనిమిదేళ్ళ పాటు వేర్వేరు సంస్థల్లో అకౌంట్స్ విభాగాలకు మనుషులను ఎంపిక చేసే పనిలో ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఉత్తరం రాసిన మనిషిని నేను తప్పకుండా ఇంటర్వ్యూకు పిలిచేవాణ్ణి. రెజ్యూమెలో ఉన్న మనిషిని పిలిచేవాణ్ణి కాదు. ఇద్దరూ మీరే అయినప్పుడు ఇలా ఎందుకు జరిగిందో ముందు తెలుసుకుంటే, ఎలా మార్చాలన్నది చాలావరకు మీకే తేలిపోతుంది.

మీ రెజ్యూమె మొదటి పేజీలో సగం, సవాళ్ళు నిండిన వాతావరణంలో పనిచేస్తూ సంస్థ ఎదుగుదలకు తోడ్పడాలన్న ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ ఆక్రమించింది. ఆ వాక్యం మీది కాదు. నెట్ సెంటర్ కంప్యూటరులో ఉన్న నమూనాలోది, అందుకే మీకంటే ముందు అక్కడ రెజ్యూమె చేయించుకున్న వాళ్ళందరి కాగితాల్లోనూ అది ఉంది. దాని కింద హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్ అన్న మాటలు వరసగా ఉన్నాయి. తరువాత పదో తరగతి నుంచి మార్కుల పట్టిక వచ్చింది. మీ నాలుగేళ్ళ పని గురించి రెండో పేజీ మధ్యలో ఒకే ఒక్క వాక్యం ఉంది: బిల్లింగ్, టాలీ, జీఎస్టీ పనులు చూసుకుంటున్నాను. అంతే. ఒక ఖాళీకి వందల రెజ్యూమెలు వచ్చిన రోజున చదివేవాడు ఒక్కొక్క దానిపై ఒక నిమిషం కూడా పెట్టలేడు. ఈ మనిషి ఏ పని చేసింది, ఎంత మేరకు చేసింది, ఏ సాఫ్ట్‌వేర్ మీద చేసింది, ఎప్పటి నుంచి చేస్తోంది అన్నవే అతని కన్ను వెతుకుతుంది. ఆ నాలుగింటికీ మీ మొదటి పేజీలో జవాబు లేదు. అతను రెండో పేజీ తిప్పాడని నేననుకోను.

చిన్న పని అని మీరు తీసిపారేసిన దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. 2బీ సరిచూడడం మీకు నెలనెలా వచ్చే తలనొప్పి. అదేమిటో అకౌంట్స్ మేనేజరుకు వేరే వివరించనక్కరలేదు. సప్లయర్లు 11వ తేదీలోగా తమ అమ్మకాల రిటర్ను వేస్తారు, 14న మీకు 2బీ కనిపిస్తుంది, 20లోగా మీ ఏజెన్సీ నెలవారీ జీఎస్టీ రిటర్ను అయిన 3బీ వేసి పన్ను కట్టాలి. అంటే మధ్యలో మీకు దొరికేది ఆరు రోజులు. ఆ ఆరు రోజుల్లో లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలోని కొనుగోళ్ళనూ, 2బీలోని పద్దులనూ ఒక్కొక్కటిగా పోల్చి, ఏ బిల్లు రాలేదో, ఏ బిల్లులో జీఎస్టీ నంబరు తప్పు పడిందో, ఏది రెండుసార్లు ఎక్కిందో పట్టుకొని, ఆ సప్లయరుకు ఫోను చేసి సరిచేయమని చెప్పాలి. 2022 జనవరి నుంచి 2బీలో కనిపించని బిల్లుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును మనం కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకునే వీలు లేదు కాబట్టి, ఒక్క పెద్ద బిల్లు జారిపోయినా ఆ నెల ఆ పన్ను యజమాని జేబులోంచి కట్టవలసి వస్తుంది. ఇంత బాధ్యత ఉన్న పనిని మీరు ‘జీఎస్టీ పనులు’ అన్న రెండు మాటల్లో మూసేశారు.

దాన్ని విప్పి ఒకే వాక్యంగా రాయండి. రెజ్యూమె ఇంగ్లీషులోనే ఉండాలి గనుక ఇక్కడ భావం మాత్రం చెబుతున్నాను: “నెలకు ఇన్ని కొనుగోలు బిల్లులను టాలీ నుంచి తీసి జీఎస్టీఆర్-2బీతో పోల్చి, తేడాలను 3బీ గడువులోగా గుర్తించి, సప్లయర్లతో మాట్లాడి సరిచేయిస్తాను.” ఎన్ని బిల్లులన్నది ఊహించి వేయకండి, టాలీలో గత ఆరు నెలల కొనుగోలు రిజిస్టరు తెరిస్తే అంకె అక్కడే ఉంటుంది. రోజుకు కొట్టే బిల్లులు, మీ చేతి మీదుగా వసూళ్ళ లెక్క ఇచ్చే సేల్స్‌మెన్, నెలాఖరుకు గోడౌన్‌లో లెక్కపెట్టే సరుకు రకాలు, వీటన్నిటికీ అలాగే నిజమైన అంకె వేయండి. అంకె పెద్దదై ఉండనక్కరలేదు, అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పగలిగినదై ఉండాలి. మీరు ఉత్తరంలో ప్రస్తావించలేదు గానీ, మీ ఏజెన్సీ టర్నోవరు 5 కోట్లు దాటి ఉంటే, జీఎస్టీ నంబరు ఉన్న దుకాణాలకు 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్‌లు (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లులు) మీరే తీస్తూ ఉంటారు. అదీ రాయండి.

ఇక ఆ ఆరు లక్షల స్కీము బకాయి. దాన్ని మీరు జీతం పెరగలేదన్న ఫిర్యాదులో భాగంగా రాశారు. నేనైతే ఉద్యోగానుభవం కింద మొట్టమొదటి వాక్యంగా పెడతాను. కంపెనీ చెప్పిన తగ్గింపును డిస్ట్రిబ్యూటరు ముందు తన చేతి నుంచి దుకాణానికి ఇచ్చి, తరువాత ఆ సొమ్మును కంపెనీ నుంచి క్లెయిము చేసుకోవడం ఈ వ్యాపారంలో రోజూ జరిగేదే. ఏ స్కీము ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు నడిచింది, ఏ బిల్లుల మీద ఇచ్చాము, క్రెడిట్ నోట్ ఎంతకు వచ్చింది, ఎంత కోత పడింది అన్నవి రుజువులతో చూపిస్తే తప్ప పాత క్లెయిము కదలదు. మీరు దాన్ని కదిలించారు. ఎన్నాళ్ళ నాటి బకాయి, ఎన్ని క్లెయిములు, చివరకు ఎంత వచ్చింది అన్న మూడు వివరాలతో రెండు పంక్తులు రాయండి. ఆ రెండు పంక్తులు చదివిన అకౌంట్స్ మేనేజరు మీతో ఒకసారి మాట్లాడి చూద్దామనుకుంటాడు. మీ యజమాని జీతం పెంచకపోవడం ఆ పని విలువను తగ్గించదు.

తరువాత మాట పేర్ల గురించి. చిన్న ఊళ్ళ నుంచి వచ్చే రెజ్యూమెల్లో నేను ఎక్కువగా చూసిన ఇబ్బంది ఇదే, ఇందులో అభ్యర్థుల తప్పు ఏమీ లేదు. మనం చేసే పనికి మన దగ్గర ఒక పేరు, ప్రకటనలో మరో పేరు ఉంటాయి. దుకాణాల బాకీల లెక్క అని మీరు అనేదాన్ని నగరంలో ‘అకౌంట్స్ రిసీవబుల్’ అంటారు. కంపెనీలకు డబ్బు కట్టడం ‘అకౌంట్స్ పేయబుల్’. బ్యాంకు పుస్తకంతో టాలీని సరిచూసుకోవడం ‘బ్యాంక్ రీకన్సిలియేషన్’. స్కీము డబ్బుల కోసం తిరగడం ‘క్లెయిమ్ సెటిల్‌మెంట్’. నౌకరీ వంటి సైట్లలో ఎంపిక చేసేవాళ్ళు మన రెజ్యూమెలు తీరిగ్గా తిరగేస్తూ కూర్చోరు. వెతికే గడిలో ఈ పేర్లనే టైపు చేసి, ఊరు, అనుభవం ఎన్నేళ్ళో ఎంచుకుంటారు. ఆ మాటలు మీ కాగితంలో లేకపోతే మీకు ఆ పని ఎంత బాగా వచ్చినా వాళ్ళ జాబితాలోకి మీ పేరు ఎక్కదు. అందుకని మీకు నచ్చిన ప్రకటనలు ఒక పది తీసుకొని, వాటిలో మళ్ళీ మళ్ళీ కనిపించే పని పేర్లకు కింద గీత పెట్టండి. వాటిలో మీరు నిజంగా చేస్తున్న పనులేవో గుర్తించి, మీ వాక్యాల్లో ఆ పేర్లనే వాడండి. చేయని పని పేరు మాత్రం ఒక్కటి కూడా కలపకండి.

ఈ చివరి మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఒక ఇంటర్వ్యూ నాకు ఇప్పటికీ బాధగా గుర్తుంది. ఒక కుర్రవాడు రెజ్యూమెలో ఎక్సెల్ మీద మంచి పట్టు ఉందని రాశాడు. అతని ముందు ల్యాప్‌టాప్ పెట్టి, ఒక షీటులో కొనుగోళ్ళు, మరో షీటులో 2బీ పద్దులు ఇచ్చి, 2బీలో లేనివి ఏవో వీ-లుకప్ అనే ఎక్సెల్ ఫార్ములాతో తీసి చూపించమన్నాము. అతను మౌస్ పట్టుకొని చాలాసేపు ఆ రెండు షీట్ల మధ్య అటూ ఇటూ తిరిగాడు. చివరకు, “సార్, నేను వీటిని ప్రింటు తీసి పెన్నుతో టిక్ పెట్టుకుంటూ చూస్తానండి” అన్నాడు. నిజానికి ఆ పని అతనికి వచ్చు, తేడాలు పట్టుకోవడం తెలుసు, రాని ఫార్ములా వారం రోజుల్లో నేర్పించవచ్చు. కానీ కాగితం మీద లేనిది ఉన్నట్లు రాసి ఉండడంతో, మిగతా పంక్తుల మీద కూడా మా గదిలో ఎవరికీ నమ్మకం మిగల్లేదు. టాలీ, ఎక్సెల్ అని ఊరికే రాయడం కన్నా వాటితో ఏం చేయగలరో రాయండి. మీ రెజ్యూమెలో టాలీ పక్కన 90 శాతం నిండిన నీలం గీత ఒకటి ఉంది. అది దేనిలో 90 శాతమో మీరూ చెప్పలేరు, చదివేవాడూ చెప్పలేడు. తీసేయండి.

తీసేయవలసినవి ఇంకా ఉన్నాయి. నాన్నగారి పేరు, మతం, వైవాహిక స్థితి, ఇంటి నంబరుతో సహా పూర్తి చిరునామా, ఆధార్ నంబరు, ఫొటో, చివర ‘పై వివరాలన్నీ సత్యమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న డిక్లరేషను, దాని కింద సంతకం, తేదీ. ఇవన్నీ ప్రభుత్వ దరఖాస్తుల నుంచీ, పెళ్ళి సంబంధాలకు ఇచ్చే బయోడేటాల నుంచీ వచ్చి ఉద్యోగపు కాగితంలో చేరాయి. ప్రైవేటు సంస్థకు ఎంపిక దశలో ఇవేవీ అవసరం లేదు. ఆధార్ నంబరూ, ఇంటి నంబరూ నూరు చోట్లకు తెలియనివాళ్ళ చేతుల్లోకి వెళ్ళడం ఎవరికైనా ప్రమాదమే, ఒంటరిగా కొత్త ఊరికి వెళ్ళబోయే ఆడపిల్లకు మరింత ప్రమాదం. పేరు, ఫోను నంబరు, ఈమెయిలు, ఊరు చాలు. మీ డిక్లరేషను కింద తేదీ ఏడాది పాతది అన్న సంగతి మీరు గమనించారో లేదో. అది చూసినవాడు, ఈ కాగితం ఏడాదిగా తిరుగుతున్నా ఎవరూ తీసుకోలేదని అనుకునే అవకాశం ఉంది.

ఇవి తీసేశాక మీకు మిగిలేది ఒక పేజీ, నాలుగేళ్ళ అనుభవానికి అదే సరైన కొలత. పేరు కింద మూడు పంక్తుల్లో మీరెవరో చెప్పండి: ఎన్నేళ్ళ అనుభవం, ఏ రకం వ్యాపారంలో, ముఖ్యంగా ఏ పనులు, ఎన్నాళ్ళలో చేరగలరు. తరువాత ఉద్యోగానుభవం, దాని కింద సాఫ్ట్‌వేర్లు, చివర చదువు. బి.కామ్‌కు ఒక పంక్తి, ఇంటరుకూ పదికీ కలిపి ఒక పంక్తి చాలు. అంచుల చుట్టూ గీతలు, రెండు నిలువు వరసలు, రంగు పెట్టెలు వద్దు. పెద్ద సంస్థల్లో రెజ్యూమెను ముందు ఒక సాఫ్ట్‌వేర్ చదివి పేరు, అనుభవం, పనులు వేర్వేరుగా తీసి పెడుతుంది, రెండు వరసల కాగితం దానికి చాలాసార్లు కలగాపులగంగా అందుతుంది. మీది ఎలా అందుతుందో తెలుసుకోవడానికి తేలికైన దారి ఉంది. పీడీఎఫ్ తెరిచి మొత్తం ఎంచుకొని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేయండి. మీ ఫైలుతో నేను ఆ పని చేస్తే ఒక్క అక్షరం కూడా రాలేదు. నెట్ సెంటర్‌లో ప్రింటు తీసిన కాగితాన్ని స్కాన్ చేసి ఇచ్చినట్లున్నారు, అంటే మీరు పంపినది రెజ్యూమె ఫొటో మాత్రమే. నూటికి రెండే ఫోన్లు రావడానికి ఇదొక్కటే చాలినంత కారణం అయి ఉండవచ్చు. వర్డ్ ఫైలు నుంచి నేరుగా పీడీఎఫ్‌గా భద్రపరచండి.

ఇరవై నెలల విషయానికి వస్తాను. ఆ 15 వేల అనుభవ పత్రం దయచేసి తీసుకోవద్దు. అది దొంగ పత్రం, దాన్ని నిజమైనదిగా చూపించడం చట్టం దృష్టిలో నేరం. అది అలా ఉంచినా, అది నిలబడదు. ఉద్యోగం ఇచ్చే ముందో, ఇచ్చాకో చాలా సంస్థలు పాత యజమానులను విచారిస్తాయి, పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరుతో సర్వీసు చరిత్ర చూస్తాయి, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతాయి. చేరిన ఆరు నెలలకు బయటపడినా ఆ రోజే బయటికి పంపేస్తారు, అప్పుడు ఆ ఇరవై నెలలతో పాటు తరువాతి ఆరు నెలలకూ జవాబు చెప్పుకోవలసి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మీకు దాచవలసినదేమీ లేదు. వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి తీసుకువెళ్ళి, నాలుగేసి గంటలు పక్కన కూర్చొని, మళ్ళీ ఇంటికి తెచ్చుకొనే పని ఎలాంటిదో ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్న ఎవరికైనా తెలుసు. రెజ్యూమెలో మాత్రం ఒక్క పంక్తి చాలు: 2021 ఆగస్టు – 2023 మార్చి, కుటుంబంలో వైద్య కారణాల వల్ల విరామం. ఆ పై పంక్తిలో, 2023 ఏప్రిల్‌లో యజమాని కోరిక మీద అదే సంస్థలో తిరిగి చేరాను అని రాయండి. ఇరవై నెలలు దూరంగా ఉన్న మనిషిని లెక్కలూ డబ్బూ అప్పగించిన యజమాని మళ్ళీ పిలిపించుకున్నాడంటే, ఆ మనిషి పని మీద, చేతి మీద అతనికి ఎంత నమ్మకమో చదివేవాడికి అర్థమవుతుంది. అకౌంట్స్ మనిషికి అంతకు మించిన సిఫారసు నాకు తెలియదు. మీరేమో దాన్ని కప్పిపెట్టాలని చూస్తున్నారు.

ఇంగ్లీషు గురించి మీకున్నంత భయం అవసరం లేదు. రెజ్యూమెలో పొడుగు వాక్యాలు ఉండవు, ‘నేను’ అన్న మాట కూడా ఉండదు. తయారుచేశాను, సరిచూశాను, వసూలు చేశాను వంటి క్రియతో మొదలై ఒక పంక్తిలో ముగుస్తాయి. ముందు మీ పనంతా తెలుగులోనే, ఈ ఉత్తరం రాసినంత స్వేచ్ఛగా, ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి. పొద్దున ఏజెన్సీ తాళం తీసినప్పటి నుంచి సాయంత్రం సేల్స్‌మెన్ నగదు అప్పగించేదాకా ఏం చేస్తారో, నెల మొదట్లో ఏం చేస్తారో, మార్చి నెలలో ఆడిటర్ గారి కోసం ఏమేం తయారుచేస్తారో రాయండి. వాటిలోంచి ఏడెనిమిది ఎంచుకొని ఇంగ్లీషులోకి మార్చడానికి చాట్‌జీపీటీ వంటివాటి సాయం తీసుకోవడంలో తప్పు లేదు. అయితే మీరు ఇవ్వని అంకెలూ, మీరు చేయని ఘనకార్యాలూ అది కలిపేయవచ్చు. ఒక్కో పంక్తినీ పైకి చదివి, దాని మీద ఎవరైనా ప్రశ్న అడిగితే రెండు నిమిషాలు మాట్లాడగలనా అని చూసుకోండి. మాట్లాడలేని మాటను కొట్టేయండి. తరువాత మీకు చదువు చెప్పిన కామర్స్ లెక్చరరుకో, మీ ఆడిటర్ గారి ఆఫీసులో తెలిసినవారికో ఒకసారి చూపించండి.

పంపేటప్పుడు నూరు చోట్లకు ఒకే కాగితం వద్దు. వారానికి ఐదారు చోట్లు ఎంచుకోండి, ఆ ప్రకటన దేనికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చిందో ఆ పనిని మీ అనుభవంలో పైకి తీసుకురండి. సరుకు పంపిణీ చేసే కంపెనీల విజయవాడ డిపోలనూ, సూపర్ మార్కెట్ సంస్థల అకౌంట్స్ విభాగాలనూ ముందు చూడండి. క్లెయిములు, స్కీములు, డ్యామేజీ సరుకు అన్న మాటలు అక్కడివారికి విప్పి చెప్పనక్కరలేదు. ఈమెయిలు ఖాళీగా పంపకండి, ఏ ఉద్యోగానికి రాస్తున్నారో, మీ అనుభవం ఏమిటో, ఎప్పటిలోగా చేరగలరో నాలుగు వాక్యాలు రాయండి. రిజిస్ట్రేషనుకో, శిక్షణకో డబ్బు కట్టమన్న చోటికి మళ్ళీ జవాబు ఇవ్వవద్దు.

చివరిగా, రెజ్యూమెకు సంబంధించినదే అయినా కాగితం మీద కనిపించని పని ఒకటి ఉంది. ఇరవై మంది కన్నా తక్కువ పనిచేసే చోట పీఎఫ్ తప్పనిసరి కాదు, మీ ఏజెన్సీలోనూ అది లేకపోవచ్చు. అప్పుడు మీ నాలుగేళ్ళ పనికి రుజువు మీ యజమాని ఇచ్చే పత్రమూ, జీతం పడిన బ్యాంకు ఖాతా మాత్రమే. జీతం చేతికి ఇస్తూ ఉంటే వచ్చే నెల నుంచి ఖాతాలో వేయమని అడగండి. చేరిన తేదీలూ, చేసిన పనులూ రాసి లెటర్‌హెడ్ మీద సంతకంతో ఒక పత్రం ఇవ్వమనీ అడగండి. వెళ్ళిపోతానని ఇప్పుడే చెప్పడానికి మీకు సంకోచంగా ఉంటే, మీ సర్టిఫికెట్లతో పాటు దాచుకోవడానికని చెప్పినా అబద్ధం కాదు. మిమ్మల్ని తిరిగి పిలిపించుకున్న మనిషి అది ఇవ్వనంటాడని నేననుకోను.

కొత్త రెజ్యూమె తయారయ్యాక ఎవరికీ పంపకముందు నాకు ఒకసారి పంపండి. ముందు ఆ స్కీము బకాయి పంక్తి ఎలా రాశారో చూస్తాను.